బీటిల్ ఇంజనుకు జంట కార్బరేటర్ల ట్యూనింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంచుకున్నవాళ్లం కొద్దిమందిమే. ఇంజనుకు గాలి, పెట్రోలు కలిపి పంపే కార్బరేటర్లు జంటగా బిగించుకున్నవాళ్లు అందులోనూ తక్కువ. ఎవరి బండి మొరాయించినా నాకు ఫోన్ చేస్తారు, దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఫోన్లో స్క్రూ ఎటు తిప్పాలో చెప్పడం కష్టం. అందుకని ఇన్నేళ్లుగా ఒకే బండితో నేర్చుకున్నదంతా ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇందులో చెప్పేవి ఏ ఇంజనుకు వర్తిస్తాయి?

బీటిల్‌లో వచ్చే నాలుగు సిలిండర్ల ఎయిర్ కూల్డ్ ఇంజనుకు. నా బండి 1600: బోరు 85.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 69, మొత్తం 1584 సీసీ. కార్బరేటర్లు రెండు వెబర్ 34 ఐసీటీలు, ఒక్కోదానికి ఒకటే గొంతు, అంటే గాలి పోయే దారి. రెండు గొంతుల 40 ఐడీఎఫ్ జత ఉన్నవాళ్లకు తేడా వచ్చేచోట విడిగా చెప్పాను. 1300, 1500 ఇంజన్లకూ పద్ధతి ఇదే, జెట్ల (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రపు ముక్కల) నంబర్లు మాత్రం మారతాయి.

ఒక కార్బరేటర్ సరిపోదా? రెండెందుకు?

కంపెనీ ఇచ్చిన కార్బరేటర్ ఇంజను నడిమధ్యన ఉంటుంది. పెట్రోలు కలిసిన గాలి అక్కడి నుంచి సన్నటి పొడవాటి గొట్టంలో రెండు పక్కలకూ పోయి హెడ్లు (సిలిండర్ల పై మూతలు) చేరాలి. దారిలో కొంత పెట్రోలు గొట్టం గోడలకు తడిగా అంటుకుంటుంది. ఆ తడి ఆరడానికే సైలెన్సర్ వేడిని కింది పైపులో తిప్పారు. ఒక్కో హెడ్డు మీద ఒక్కో కార్బరేటర్ పెడితే దారి జానెడవుతుంది, తొక్కగానే పికప్ అందుతుంది. 1963లో టైప్ 3 కార్లలో వచ్చిన 1500ఎస్‌కు ఫోక్స్‌వ్యాగన్ కంపెనీయే జంట కార్బరేటర్లు పెట్టింది.

అయితే ఎడ్లబండి తోలినవాళ్లకు ఒక సంగతి చెప్పక్కర్లేదు. కాడికి దాపటి ఎద్దు, వలపటి ఎద్దు సమంగా లాగాలి. ఒకటి ముందుకురికి ఇంకొకటి వెనకపడితే కాడి వంకరపోతుంది, బరువు ఒక మెడ మీదే పడుతుంది. ఇక్కడ ఆ బరువు పడేది హెడ్డు మీద. డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తే ఎడమ పక్కది దాపటి కార్బరేటర్, 3, 4 సిలిండర్లకు అదే పోస్తుంది. కుడి పక్కది వలపటిది, 1, 2 సిలిండర్లు దానివి. కింద ఇవే పేర్లు వాడతాను. జత కుదిర్చే ఓపిక లేకపోతే మాత్రం ఒక్క కార్బరేటరే మేలని నా అభిప్రాయం. వంకర కాడితో తిరిగే బండి ఒంటెద్దు బండి కంటే తొందరగా పాడవుతుంది.

స్క్రూలు ముట్టుకునేముందు ఏం చూడాలి?

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ వాటికి జవాబు ఇక్కడే ఉంది. కార్బరేటర్ తప్పు అనుకున్నది ట్యాపెట్లదో పాయింట్లదో అవుతుంది. ఇవన్నీ సరిచేశాకే కార్బరేటర్ దగ్గరికి రావాలి.

మొదట ట్యాపెట్లు, అంటే వాల్వులను నొక్కే చోట ఉండే సందు. రాత్రంతా ఆపి ఉంచిన బండి మీద, తెల్లారగానే చూడాలి. 1600కు ఇన్లెట్, ఎగ్జాస్ట్ రెండింటికీ సందు 0.15 మిల్లీమీటర్లు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచేది) అంచున ఉన్న చిన్న గాటుకు రోటర్ ఎదురుగా వస్తే 1వ సిలిండర్ పైకి వచ్చినట్టు. అది చూసుకుని పుల్లీని అపసవ్యంగా అర చుట్టు తిప్పితే 2, మళ్లీ అర చుట్టుకు 3, మళ్లీ 4. ఫైరింగ్ ఆర్డరు 1-4-3-2 కాబట్టి వెనక్కి తిప్పితే వరుసగా వస్తాయి, తికమక ఉండదు. ఫీలర్ గేజ్ బిళ్ల సందులో కొంచెం పట్టి పట్టి జరగాలి, వెన్నలో కత్తిలా జారకూడదు. ఏదైనా ఒక ఎగ్జాస్ట్ వాల్వు సందు చూసిన ప్రతిసారీ తగ్గిపోతుంటే ఆ వాల్వు సాగుతోందని అర్థం. ట్యూనింగ్ ఆపేసి హెడ్డు విప్పించండి. వాల్వు తల తెగి పడితే పిస్టనూ పోతుంది.

తర్వాత డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటు తెంచే పాయింట్లు: సందు 0.4 మిల్లీమీటర్లు. ప్లగ్గులకు 0.6 నుంచి 0.7. ఆ పైన టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పు ఎప్పుడు పడాలన్నది. జంట కార్బరేటర్లున్న బళ్లకు ఎక్కువమంది బాష్ 009 డిస్ట్రిబ్యూటర్ వాడతారు. దానికి వ్యాక్యూమ్ పైపు ఉండదు, లోపలి బరువులే స్పీడును బట్టి టైమింగ్ ముందుకు జరుపుతాయి. కాబట్టి ఐడ్లింగ్‌లో (పెడల్ తొక్కకుండా ఇంజను తిరిగేటప్పుడు) ఎంతుందన్నది ముఖ్యం కాదు. 3000 ఆర్‌పీఎం దాటించి టైమింగ్ లైటుతో చూస్తే 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండల్లో నేను 30 దాటనివ్వను.

గాలి లీకు ఎలా కనిపెట్టాలి?

మానిఫోల్డ్ (కార్బరేటర్ నుంచి హెడ్డుకు పోయే గొట్టం) కింద ప్యాకింగ్, కార్బరేటర్ కింద ప్యాకింగ్, మొండి పెట్టిన వ్యాక్యూమ్ పైపు, త్రాటిల్ (గొంతును తెరిచి మూసే పళ్లెం) షాఫ్టు అరిగిన బుష్. ఈ నాలుగు చోట్లే ఎక్కువ. ఐడ్లింగ్‌లో ఉంచి కార్బరేటర్ క్లీనర్ స్ప్రే సన్నటి గొట్టంతో ఒక్కో జాయింటు మీద చుక్క చుక్కగా కొట్టండి. కొట్టగానే ఇంజను శబ్దం మారితే లీకు అక్కడే. స్ప్రే కూడా మండేదే, వేడి సైలెన్సర్ మీద, డిస్ట్రిబ్యూటర్ మీద పడనివ్వకండి. కొందరు సిరంజితో పెట్రోలు కొడతారు. ఆ పని మాత్రం వద్దు.

సింక్రోమీటర్ దొరకడం లేదు. అది లేకుండా కుదురుతుందా?

కుదురుతుంది. గొంతు మీద పెడితే గంటకు ఎన్ని కిలోల గాలి పోతోందో ముల్లు చూపించే మీటరు అది. ఉంటే పని తేలిక. లేకపోతే రెండు దారులున్నాయి.

ఒకటి, మీటరు పొడవు రబ్బరు పైపు. ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బరేటర్ గొంతు అంచున ఒకే లోతులో, ఒకే చోట పెట్టి బుస వినడం. నెల్లూరులో స్కూటర్ల కాలం నుంచి పనిచేసిన ఒక పెద్ద మేస్త్రి దగ్గర నేను ఇది నేర్చుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని రెండు పక్కలా విని, దాపటిది పావు చుట్టు తక్కువుందని చెప్పేవాడు. తర్వాత మీటరు పెట్టి చూస్తే అంతే ఉండేది.

రెండోది నేను ఇప్పుడు వాడుతున్నది. తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన లెవెల్ పైపు ఐదు మీటర్లు కొనండి. మధ్యలో వంపు వచ్చేలా చెక్కకు కట్టి ఆ వంపులో 2టీ ఆయిలు అడుగు ఎత్తు పోయండి. రెండు కొసలనూ రెండు మానిఫోల్డులకున్న వ్యాక్యూమ్ ముక్కులకు తగిలించండి. ఏ పక్క ఎక్కువ పీలిస్తే ఆ పక్కకు ఆయిలు ఎక్కుతుంది. రెండూ సమంగా నిలబడితే జత కుదిరినట్టు. ఒక్కో గొంతు రెండు సిలిండర్లకు పోస్తుంది కాబట్టి ఆయిలు దడదడ ఊగుతుంది. ఒక్కో కొసలో పాత స్కూటర్ జెట్టు ఒకటి ఇరికిస్తే ఊగడం తగ్గి చదవడానికి వీలవుతుంది. పైపు పొడవుగానే ఉంచండి. తేడా మరీ ఎక్కువుంటే పొట్టి పైపులోని ఆయిలు ఇంజనులోకి వెళ్లిపోతుంది.

అసలు వరుస ఏంటి?

బండిని ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పి తెండి. చల్లటి ఇంజను మీద చేసిన ట్యూనింగ్ చల్లటి ఇంజనుకే పనికొస్తుంది. ఎండాకాలమైతే పొద్దున ఏడు లోపల ముగించేలా చూసుకోండి. బండి నిలబెట్టి చాలాసేపు రేజ్ చేస్తే ఆయిలు కాగిపోతుంది.

ఎయిర్ ఫిల్టర్లు తీసి, రెండు కార్బరేటర్ల నుంచీ లింకేజీ కడ్డీలు (పెడల్ తొక్కితే రెండింటినీ కలిపి కదిపేవి) ఊడదీయండి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. కడ్డీ తగిలి ఉంటే ఒకదాని స్క్రూ తిప్పినప్పుడు రెండోదీ కదులుతుంది, రోజంతా తిప్పినా తెగదు. ఐడ్లింగ్ స్పీడు స్క్రూలు రెండూ పూర్తిగా వెనక్కి తీసి, అంచు తగిలేదాకా తెచ్చి, అక్కడి నుంచి రెండింటినీ సమంగా అర చుట్టు లోపలికి బిగించండి. మిక్స్చర్ స్క్రూలను (ఐడ్లింగ్‌లో పెట్రోలు పాలు మార్చేవి) మెల్లగా అడుగంటేదాకా పంపి, రెండు చుట్లు బయటికి తీయండి. అడుగంటిందని వేళ్లకు తెలియగానే ఆగాలి. బలంగా బిగిస్తే సూది మొన మీద గుండ్రటి గాటు పడుతుంది, ఆ తర్వాత ఆ స్క్రూ మాట వినదు.

స్టార్ట్ చేసి, స్పీడు స్క్రూలతో రెండు పక్కల గాలినీ సమం చేయండి. ఇంజను 900 ఆర్‌పీఎం చుట్టుపక్కల తిరగాలి. ఇక మిక్స్చర్. దాపటి స్క్రూను పావు చుట్టు లోపలికి తిప్పి ఐదు సెకన్లు వినండి. మళ్లీ పావు. ఎక్కడో ఒకచోట ఇంజను తడబడుతుంది, స్పీడు పడిపోతుంది. అక్కడి నుంచి మెల్లగా బయటికి తీసుకురండి. శబ్దం నునుపుగా, స్పీడు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నచోట ఆపేయండి. వలపటిదానికీ అంతే. ఇప్పుడు స్పీడు పెరిగి ఉంటుంది. రెండు స్పీడు స్క్రూలూ సమంగా తగ్గించి, గాలి మళ్లీ చూడండి. రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగితే స్థిరపడుతుంది.

మిక్స్చర్ స్క్రూ రెండున్నర చుట్లు దాటి తీస్తే గానీ ఇంజను కుదుటపడకపోతే ఐడిల్ జెట్ (ఐడ్లింగ్‌కు పెట్రోలు వదిలేది) చిన్నదైనా అయ్యుండాలి, మూసుకుపోయైనా ఉండాలి. స్పీడు స్క్రూ ఒక చుట్టు కంటే ఎక్కువ బిగించాల్సి వస్తే త్రాటిల్ పళ్లెం ఐడ్లింగ్ రంధ్రాలు దాటి తెరుచుకుందని అర్థం. అప్పుడు మిక్స్చర్ స్క్రూ తిప్పినా ఫలితం కనిపించదు. అలాంటప్పుడు ఆపి, పైన చెప్పిన ట్యాపెట్లు, టైమింగ్, గాలి లీకు మళ్లీ చూడండి.

లింకేజీ తగిలించగానే అంతా పాడవుతోంది. ఎందుకు?

జంట కార్బరేటర్లలో కష్టమంతా ఇక్కడే ఉంది. ఈ ఇంజను వేడెక్కితే అడ్డంగా సాగుతుంది. ఇటు హెడ్డుకూ అటు హెడ్డుకూ మధ్య దూరం మిల్లీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. కార్బరేటర్లు హెడ్లతో పాటు జరుగుతాయి, మధ్యలోని కడ్డీ సాగదు.

మొదటిసారి బిగించినప్పుడు చల్లటి ఇంజను మీద కడ్డీల పొడవు ఒక్క వెంట్రుక సందు లేకుండా కుదిర్చాను. తెల్లవారుజామున ఒంగోలులో బయల్దేరేటప్పుడు ఐడ్లింగ్ గడియారంలా ఉంది. టంగుటూరు టోల్ ప్లాజా దగ్గర ఆపేసరికి 1800 ఆర్‌పీఎం మీద అరుస్తోంది, స్పీడు స్క్రూ తిప్పితే చలనం లేదు. వంగి చూస్తే వలపటి కార్బరేటర్ చేయి (త్రాటిల్ తిప్పే లివరు) స్క్రూ మీద ఆనడమే లేదు. కడ్డీ దాన్ని లాగి పట్టుకుని ఉంది.

కాబట్టి వేడి ఇంజను మీదే కడ్డీలు తగిలించండి. పెడల్ వదిలినప్పుడు రెండు చేతులూ వాటి వాటి స్క్రూల మీద పూర్తిగా ఆనాలి. కడ్డీని వేళ్లతో కదిపితే రెండు పక్కలా ఒకేలా కొంచెం లూజు తెలియాలి. తగిలించకముందు, తగిలించాక ఐడ్లింగ్ గాలి కొలత మారకూడదు. ఆ తర్వాత 2500 నుంచి 3000 ఆర్‌పీఎం మధ్య నిలిపి మళ్లీ కొలవండి. అక్కడ తేడా వస్తే స్పీడు స్క్రూలు ముట్టుకోకండి, కడ్డీ పొడవు మార్చండి. ఒక కొస కుడి మరలు, ఇంకో కొస ఎడమ మరలు ఉన్న కడ్డీ అయితే ఊడదీయకుండానే తిప్పి సరిచేయొచ్చు. నా లెక్కలో ఐడ్లింగ్ సమం కావడం కంటే ఇదే ముఖ్యం. హైవే మీద బండి గంటల తరబడి నడిచేది ఈ స్పీడులోనే.

చివరగా ఇంకొకరిని కూర్చోబెట్టి పెడల్ అడుగంటా తొక్కించండి. రెండు గొంతుల్లోకీ టార్చి వేస్తే పళ్లేలు నిలువుగా నిలబడి కనిపించాలి.

40 ఐడీఎఫ్ జతకు తేడా ఏంటి?

ఒక్కో కార్బరేటర్‌లో రెండు గొంతులుంటాయి, సిలిండర్‌కు ఒకటి చొప్పున నాలుగు మిక్స్చర్ స్క్రూలు. ప్రతి గొంతుకూ గాలి స్క్రూ కూడా ఉంటుంది, లాక్ నట్టుతో. ముందు అవన్నీ మూసేసి, ఒకే కార్బరేటర్‌లోని రెండు గొంతులూ కొలవండి. తక్కువ పీల్చే గొంతు స్క్రూ మాత్రమే తెరిచి రెండోదానికి సమం చేయండి. ఆ తర్వాతే రెండు కార్బరేటర్లనూ ఒకదానితో ఒకటి సరిచూడాలి. ఇత్తడి ఫ్లోటుకు (కార్బరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం నిలిపే తేలే బుడ్డి) ఎత్తు 10 మిల్లీమీటర్లు.

జెట్లు ఏ నంబరు వేయాలి? ఇథనాల్ పెట్రోలుకు మార్చాలా?

34 ఐసీటీలో వెంచురీ (గొంతు సన్నబడే చోటు) 29 మిల్లీమీటర్లు, మెయిన్ జెట్ 130 చుట్టుపక్కల మొదలుపెట్టండి. ఐడీఎఫ్‌కు వెంచురీని నాలుగుతో గుణిస్తే మొదటి అంచనా వస్తుంది. 28 వెంచురీకి 112, అంటే 115 జెట్టు.

ఆ నంబర్లు ఇథనాల్ లేని పెట్రోలు కాలంలో పుట్టినవి. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ 2022లో 10 శాతానికి, 2025కు 20 శాతానికి చేరింది. మామూలు పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు కావాలి. 20 శాతం ఇథనాల్ ఉంటే 13.5 దగ్గర చాలు. అంటే అదే జెట్టుతో ఇంజను దాదాపు 8, 9 శాతం లీన్ అవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. ఎయిర్ కూల్డ్ ఇంజనుకు లీన్ అంటే వేడి. జెట్టు రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వ్యాసం 4 శాతం పెంచితే సరిపోతుంది. నా బండికి 130 తీసి 135 వేశాను. ఐడిల్ జెట్ కూడా ఒక మెట్టు పెంచాను. ప్లగ్గుల మీద తెల్లటి పొడి రంగు పోయి ఇటుక మట్టి రంగు వచ్చింది.

జెట్లు కొని మార్చండి, రంధ్రం పెద్దది చేయించకండి. ఒక వర్క్‌షాపులో నాకు చెప్పకుండా జెట్లలో డ్రిల్లు పెట్టి తిప్పారు. నంబరు 130 అనే ఉంది, లోపల ఎంతుందో ఎవరికీ తెలియదు, రెండూ ఒకేలా లేవు. దాపటి పక్క నల్లటి పొగ, వలపటి పక్క తెల్లటి ప్లగ్గులు. కారణం దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది.

సర్రున తొక్కితే ఒక్క క్షణం ఆగి లేస్తోంది?

ఇంజను ఆపి, గొంతులోకి చూస్తూ త్రాటిల్ చేయి లాగండి. లాగిన వెంటనే సన్నటి ధార పడాలి, రెండు పక్కలా ఒకేసారి. ఆలస్యంగా పడితే పంప్ డయాఫ్రమో, చెక్ వాల్వో చూడాలి. ధార బాగుంటే ఐడిల్ జెట్ ఊది శుభ్రం చేయండి. జెట్లలో ఇనుప తీగ దూర్చకండి.

గొంతులోంచి పట్ పట్ మని తుమ్ముతోంది?

లీన్. గాలి లీకు లేదా మూసుకుపోయిన ఐడిల్ జెట్. ఏ పక్కదో తెలియకపోతే ఐడ్లింగ్‌లో ఒక్కో ప్లగ్ వైరు ఇన్సులేషన్ ఉన్న కటింగ్ ప్లేయరుతో లాగి, దాన్ని బాడీకి తగిలించి చూడండి. వైరు లాగినా స్పీడు పడని సిలిండరే దొంగ. పెడల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పేలితే మిక్స్చర్ కంటే ముందు సైలెన్సర్ జాయింట్లు చూడండి.

రోహిణి కార్తెలో బండి దారిలో ఆగిపోతోంది, చల్లారాక స్టార్ట్ అవుతోంది. ట్యూనింగ్ తప్పా?

కాదు, పైపులో పెట్రోలు ఆవిరవుతోంది. హైవే మీద పోయినంతసేపు బాగుండి, ఊళ్లోకి వచ్చి ట్రాఫిక్‌లో నిలబడ్డాక ఆగితే ఇదే. పెట్రోలు పైపు ఇంజను గదిలో ఎక్కడెక్కడ తిరుగుతోందో చూసి, ఇంజను చుట్టూ ఉండే రేకులకు దూరంగా, పొట్టిగా మార్చండి. ముందు ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టిస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. ప్రెషర్ మాత్రం 3 పీఎస్‌ఐ చుట్టుపక్కలే ఉండాలి, ఎక్కువైతే ఫ్లోటు సూది పెట్రోలును ఆపలేదు, పెట్రోలు పొంగుతుంది. ఇంజను ఆగితే పంపూ ఆగే రిలే తప్పకుండా పెట్టించండి.

అంతకంటే పెద్ద సంగతి రేకులది. జంట కార్బరేటర్లు బిగించేటప్పుడు పాత మానిఫోల్డ్ వేడి పైపు తీసేస్తారు. అది దూరిన రంధ్రాలు రేకుల్లో అలాగే వదిలేస్తారు. ఆ రంధ్రాల్లోంచి కింది సైలెన్సర్ వేడి గాలి పైకొచ్చి, ఫ్యాను దాన్నే మళ్లీ సిలిండర్ల మీదికి కొడుతుంది. కార్బరేటర్లూ అదే గాలి పీలుస్తాయి. రేకు ముక్కలు కత్తిరించి ఆ రంధ్రాలు మూయించండి. ఇంజను గది చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చిరిగి ఉంటే కొత్తది వేయించండి. 43, 44 డిగ్రీల ఎండలో ఈ పట్టీ చేసే మేలు ఏ జెట్టూ చేయలేదు. 3వ సిలిండర్ మీద కన్నేసి ఉంచండి. 1971కి ముందు ఇంజన్లలో ఆయిల్ కూలర్ దాని గాలికి అడ్డుగా ఉంటుంది. దాపటి కార్బరేటర్ లీన్ అయితే మొదట కాలేది అదే.

చీమకుర్తి వైపు తిరుగుతాను, ఫిల్టర్ ఏది మంచిది?

క్వారీ లారీల వెనక పది కిలోమీటర్లు పోయొచ్చి ఫిల్టర్ మీద వేలు పెట్టి రాయండి, వేలికి అంటే బూడిద రంగు పొడి గ్రానైటు. అది సిలిండర్ల లోపలి గోడలను ఎమరీ కాగితంలా రుద్దుతుంది. జంట కార్బరేటర్లతో వచ్చే చిన్న జాలీ ఫిల్టర్లు మన రోడ్లకు చాలవు. ఆయిలు పట్టే నురుగు ఫిల్టర్ పెట్టి నెలకోసారి కడగండి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లకు దుమ్ము కంటే ఉప్పుగాలి బాధ ఎక్కువ. లింకేజీ జాయింట్లు పట్టేస్తాయి, రెండు వారాలకోసారి ఒక చుక్క ఆయిలు వేయండి. బండి నెల దాటి ఆపేట్టయితే ఫ్లోటు గిన్నెలు ఖాళీ చేయండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, గిన్నె అడుగున తెల్లటి సున్నంలా పేరుకుని ఐడిల్ జెట్‌ను మూసేస్తుంది.

నిప్పు భయం ఉందా?

ఉంది. పాత బీటిళ్లు తగలబడేది ఎక్కువగా పెట్రోలు పైపు ఊడే. ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు పైపు వేయించి ప్రతి కొసకూ క్లిప్పు బిగించండి. ప్లాస్టిక్ పెట్రోలు ఫిల్టర్ ఇంజను గదిలో, డిస్ట్రిబ్యూటర్ పైన వేలాడకూడదు, గేర్‌బాక్సు పక్కకు మార్చండి. కార్బరేటర్ ముందు ఉండే ఇత్తడి ముక్కును వేళ్లతో పట్టి లాగి చూడండి, కదిలితే ఆ రోజు బండి తీయకండి. సీటు పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచుకోండి.

హార్స్‌లీ హిల్స్ ఎక్కాలంటే జెట్లు మార్చాలా?

మార్చక్కర్లేదు. 1,200 మీటర్లు దాటాక గాలి పలచబడి మిశ్రమం కొంచెం రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది, లాగుడు తగ్గుతుంది, ఇంజనుకు హాని లేదు. మన ఊళ్లు సముద్రమట్టానికి దగ్గర కాబట్టి ఇక్కడ చేసిన ట్యూనింగ్‌తోనే వెళ్లి రండి.

ఎన్నాళ్లకోసారి చేయాలి?

సరిగా కుదిరితే ఏడాదికి రెండుసార్లు చూస్తే చాలు, ఎండలు ముదిరేముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. ట్యాపెట్లు మాత్రం 5,000 కిలోమీటర్లకు. చేసిన ప్రతిసారీ తేదీ, నాలుగు ట్యాపెట్ జతల సందులు, రెండు మిక్స్చర్ స్క్రూలు ఎన్ని చుట్లు బయటికున్నాయో, జెట్ల నంబర్లు ఒక అట్టముక్క మీద పెన్సిలుతో రాయండి. పెన్ను రాత వేడికి, పెట్రోలు ఆవిరికి వెలిసిపోతుంది. ఆ అట్టను ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంజను మూత లోపలి వైపు అంటించండి. దారిలో ఆగినప్పుడు తెలియని మెకానిక్కు స్క్రూడ్రైవర్ తీసేలోపు ముందు ఆ అట్ట చూపించండి.